పంచడం తేలిక, కలపడమే ఖరీదు

మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌ను, పిల్లల చదువుకని కొన్న లాప్‌టాప్‌ను, రోజూ వాడుకునే కంప్యూటర్‌ను ఒక కేబుల్‌తో కలిపితే మూడింటి బలమూ ఒక్కచోటికి చేరుతుందా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు తీసుకుంటే వేగం రెండింతలవుతుందా అన్నది దానికి జంట ప్రశ్న. కంప్యూటర్ల గురించి తెలిసినవాళ్లలో చాలామంది ఈ రెండింటికీ ‘అవన్నీ కుదరవు’ అని నవ్వేసి ఊరుకుంటారు. ఆ నవ్వు నాకు నచ్చదు, ఎందుకంటే ప్రపంచంలోని పెద్ద సూపర్ కంప్యూటర్లన్నీ ఇప్పుడు ప్రాసెసర్లను (లెక్కలు చేసే చిప్పులను) వేల సంఖ్యలో నెట్‌వర్క్‌తో కలిపి కట్టినవే. అలాగని ఆశతో అడిగినవాళ్ల లెక్కా సరైనది కాదు. నా వాదన ఏమిటంటే, పనిని ముక్కలుగా పంచడం దాదాపు ఎప్పుడూ తేలికే. ఆ ముక్కలను మళ్లీ సరైన వరుసలో ఎవరు కలుపుతారు, కలపడానికి ఎంత ఖర్చవుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన చోట రెండో కంప్యూటరైనా రెండో లైనైనా నిజంగా పనికొస్తుంది, దొరకని చోట అది కరెంటు బిల్లుకే పనికొస్తుంది.

ఈ కథలో కంప్యూటర్లూ లైన్లూ రెండూ ఒకేసారి కలిసిన సందర్భం ఒకటుంది. 1994లో అమెరికాలో నాసా వారి గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే ఇద్దరు బజారులో దొరికే విడిభాగాలతోనే, ఇంటెల్ 486 డీఎక్స్4 ప్రాసెసర్లున్న 16 పీసీలను లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుపుతూ, బేయోవుల్ఫ్ అనే సమూహాన్ని కట్టారు. అప్పటి ఈథర్‌నెట్ (కేబుల్ నెట్‌వర్క్) వేగం సెకనుకు 10 మెగాబిట్లే. అది చాలదు కాబట్టి ఒక్కో యంత్రానికి రెండేసి నెట్‌వర్క్ లైన్లు ఇచ్చి, ప్యాకెట్లను (డేటా ముక్కలను) రెండింటి మీదా మార్చి మార్చి పంపే ఏర్పాటు చేశారు. ఇవాళ లినక్స్‌లో బాండింగ్ పేరుతో ఉన్న, లైన్లను కలిపే డ్రైవర్‌కు మూలం బెకర్ ఆ బేయోవుల్ఫ్ కోసం రాసిన ప్యాచ్‌లే (చేర్పులే). ఇంట్లో మనం కలగనే రెండు పనులూ, అంటే కంప్యూటర్లను కలపడం, లైన్లను కలపడం, ముప్పై ఏళ్ల కిందటే ఒకే గదిలో జరిగిపోయాయన్న మాట. అయితే అక్కడ లైనుకు రెండు చివరలూ వాళ్ల చేతిలోనే ఉన్నాయి. ఏ ముక్క ఏ యంత్రానికి పోవాలో, ఫలితాలు ఎక్కడ కలవాలో ప్రోగ్రాం రాసేవాళ్లే ముందుగా నిర్ణయించి రాశారు. ఇంట్లో మనం వాడే బ్రౌజర్‌ను గానీ, ఎక్సెల్‌ను గానీ, వీడియో గేమ్‌ను గానీ అలా ఎవరూ రాయలేదు.

మన దేశానికీ ఈ దారి కొత్తది కాదు. 1980ల చివర్లో క్రే అనే అమెరికన్ సంస్థ సూపర్ కంప్యూటర్ విషయంలో అమెరికా అడ్డుపడిన తర్వాత 1988లో ఏర్పడిన ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్, 1991లో ట్రాన్స్‌ప్యూటర్ అనే చిన్న ప్రాసెసర్లను పెద్ద సంఖ్యలో కలిపి పరమ్ 8000 అనే సూపర్ కంప్యూటర్‌ను నిర్మించింది. హైదరాబాద్‌లో డీఆర్‌డీవోకు చెందిన అనురాగ్ సంస్థ విమాన రూపకల్పనకు కావలసిన గాలి ప్రవాహపు లెక్కల కోసం పేస్ అనే సమాంతర కంప్యూటర్‌ను (ఎన్నో ప్రాసెసర్లు ఒకేసారి పనిచేసేదాన్ని) తయారుచేసింది. వాతావరణమైనా గాలి ప్రవాహమైనా, లెక్కించాల్సిన ప్రదేశాన్ని గళ్లుగా కోసి, ఒక్కో గడిని ఒక్కో ప్రాసెసర్‌కు అప్పగించి, సరిహద్దుల దగ్గరి అంకెలను మాత్రం పొరుగు ప్రాసెసర్‌తో మార్చుకుంటే సరిపోతుంది. లోపల చేయాల్సిన లెక్క చాలా ఎక్కువ, బయటకు చెప్పాల్సిన మాట తక్కువ. కలపడం చవకగా ముగిసే పని అంటే అదే.

ఇంటి కంప్యూటర్ల విషయానికి వస్తే, రెండు యంత్రాలు ఒక్క యంత్రంలా ఎందుకు ప్రవర్తించవో అర్థం కావడానికి కొన్ని అంకెలు చాలు. ప్రాసెసర్ తన ర్యామ్‌లోంచి (పని సాగుతున్నప్పుడు డేటా ఉండే చోటి నుంచి) ఒక విలువను తెచ్చుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. అదే విలువ పక్క కంప్యూటర్ ర్యామ్‌లో ఉంటే, మామూలు గిగాబిట్ ఈథర్‌నెట్ మీద అడిగి తెచ్చుకోవడానికి 200 మైక్రోసెకన్లు (ఒక్కోటి వెయ్యి నానోసెకన్లు) పట్టిందనుకున్నా అది 2000 రెట్లు ఆలస్యం. ఒకేసారి ఎంత డేటా పోగలదన్నది చూసినా తేడా అలాగే ఉంటుంది. రెండు చానళ్ల (రెండు దారుల) డీడీఆర్4-3200 రకం ర్యామ్ సెకనుకు గరిష్ఠంగా 51.2 గిగాబైట్లు అందిస్తుంది. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి గిగాబిట్ కేబుల్ 125 మెగాబైట్లు దాటదు. అంటే రెండు యంత్రాల మధ్య దారి, ఒక యంత్రం లోపలి దారికంటే సుమారు 400 రెట్లు ఇరుకు. వైఫై మీద కలిపితే పరిస్థితి ఇంకా అధ్వానం, వేగం ఘడియకో రకంగా ఉంటుంది కాబట్టి.

ఈ ఇరుకును కనిపించకుండా దాచి, ఎన్నో యంత్రాలను వాడుకునేవాడికి ఒకటిగా చూపించాలన్న ప్రయత్నం గట్టిగానే జరిగింది. ఓపెన్‌మోసిక్స్ అనే లినక్స్ ప్రాజెక్టు, ఒక యంత్రం మీద భారం పెరిగితే అక్కడ నడుస్తున్న ప్రోగ్రాంను (ప్రాసెస్‌ను) ఖాళీగా ఉన్న మరో యంత్రానికి దానంతటదే తరలించేది. పది ప్రోగ్రాములు విడివిడిగా నడుస్తుంటే అది అందంగా పనిచేసేది. ఒకే ప్రోగ్రాం నడుస్తుంటే దాన్ని ఇక్కడి నుంచి అక్కడికి మార్చగలదే గానీ, రెండుగా చీల్చి రెండింతలు వేగంగా నడిపించలేదు. చవకైన మల్టీకోర్ ప్రాసెసర్లు వచ్చాక ఇలాంటి సమూహాల అవసరం తగ్గిపోతోందని చెప్పి నిర్వాహకులు 2008లో దాన్ని ముగించారు. నా ఉద్దేశంలో ఇంటి క్లస్టర్ (కంప్యూటర్ల సమూహం) కలకు అసలైన సమాధానం ఆ మాటలోనే ఉంది: ఒకప్పుడు పది పెట్టెల్లో ఉన్న ప్రాసెసర్లు ఇప్పుడు ఒకే చిప్పులో, ఒకే ర్యామ్‌ను పంచుకుంటూ ఉన్నాయి. వాటినే పూర్తిగా వాడుకోలేని ప్రోగ్రాం, కేబుల్‌కు అవతలున్న ప్రాసెసర్‌ను వాడుకుంటుందని ఆశించడానికి ఆధారమేమీ లేదు.

వరి సాగులో కూలీలు ఎక్కువమంది దిగితే నాట్లు త్వరగా పూర్తవుతాయి. నారుమడిలో నారు ఎదగడానికి పట్టే రోజులను మాత్రం ఎంతమంది కూలీలూ తగ్గించలేరు. 1967లో జీన్ ఆమ్డాల్ అనే అమెరికన్ కంప్యూటర్ రూపకర్త కంప్యూటర్ల గురించి చెప్పింది ఇంచుమించు ఇదే. ఒక పనిలో పంచడానికి వీల్లేని భాగం పదో వంతు ఉందనుకుంటే, నాలుగు యంత్రాలు పెట్టినప్పుడు వేగం నాలుగు రెట్లు కాకుండా 3.1 రెట్ల దగ్గర ఆగుతుంది. వెయ్యి యంత్రాలు పెట్టినా పది రెట్లు దాటదు. 1988లో జాన్ గుస్టాఫ్‌సన్ అనే మరో శాస్త్రవేత్త దీనికి మరో వైపు చూపించాడు. యంత్రాలు పెరిగే కొద్దీ మనుషులు పనిని కూడా పెద్దది చేసుకుంటారు కాబట్టి పంచలేని భాగం వాటా తగ్గుతూ పోతుందన్నాడు. పరిశోధనశాలలకు అది నిజమే. కానీ వర్డ్ ఫైలు తెరుచుకోవడం ఆలస్యమవుతోందని బాధపడే గృహస్థు దగ్గర పెద్దది చేసుకోవడానికి పనేమీ ఉండదు.

ఈ సూత్రాన్ని నేను ఇంట్లో దగ్గరగా చూసేది డిస్ట్‌సీసీ వాడేటప్పుడు. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసిన ప్రోగ్రాములను నెట్‌వర్క్‌లోని ఇతర యంత్రాల మీద కంపైల్ చేయించే (యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్పించే) పనిముట్టు అది. నా కంప్యూటర్ ఒక్కో ఫైలుకు కావలసిన హెడర్లన్నీ (ఉమ్మడి నిర్వచనాల ఫైళ్లన్నీ) చేర్చి సిద్ధం చేస్తుంది, పక్క గదిలోని డెస్క్‌టాప్ దాన్ని కంపైల్ చేసి ఆబ్జెక్ట్ ఫైలును తిరిగి పంపుతుంది, చివర్లో లింకింగ్, అంటే ఆ ఆబ్జెక్ట్ ఫైళ్లను ఒకే ప్రోగ్రాంగా కలపడం, మళ్లీ నా కంప్యూటర్ మీదే జరుగుతుంది. వందల ఫైళ్లున్న ప్రాజెక్టును మొదటి నుంచి కట్టేటప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఒక ఫైలులో రెండు లైన్లు మార్చి మళ్లీ కట్టినప్పుడు మాత్రం సమయమంతా లింకింగ్‌కే పోతుంది, అక్కడ డెస్క్‌టాప్ చేయగలిగిందేమీ లేదు. రోజువారీ పనిలో నేను ఎక్కువగా చేసేది రెండో రకమే. మొదటి నుంచి కట్టాల్సి వచ్చినప్పుడు కూడా, పాత ఫలితాలను దాచి ఉంచే సీక్యాష్ అనే పనిముట్టు నాకు ఆ రెండో యంత్రం కంటే ఎక్కువ సమయం మిగిల్చింది. రెండు యంత్రాల మీదా కంపైలర్ వెర్షన్ ఒకటే ఉండేలా చూసుకునే చాకిరీ అదనం.

యానిమేషన్ రెండరింగ్ (దృశ్యాన్ని బొమ్మలుగా గీయించడం) కథ వేరు, ఇంట్లో కంప్యూటర్లు కలిపి లాభపడదలచినవాళ్లు ముందుగా చూడాల్సింది దీన్నే. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసిన దృశ్యంలో ఒక ఫ్రేముకు (బొమ్మకు) మరో ఫ్రేముతో సంబంధం లేదు. ఏ ఫ్రేమును ఏ యంత్రమైనా గీయవచ్చు. గీసినవాటిని ఒక ఫోల్డర్‌లో వేయడమే కలపడం. దీనికి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ కూడా అక్కరలేదు. ఫైలును నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి, అవుట్‌పుట్ సెట్టింగుల్లో ఓవర్‌రైట్‌ను ఆపి, ప్లేస్‌హోల్డర్స్‌ను ఆన్ చేసి, అన్ని యంత్రాల్లోనూ రెండరింగ్ మొదలుపెడితే చాలు. ఒక యంత్రం ఫ్రేమును మొదలుపెట్టగానే ఆ పేరుతో ఖాళీ ఫైలును సృష్టిస్తుంది, అది చూసి మిగతా యంత్రాలు తర్వాతి ఫ్రేముకు వెళ్లిపోతాయి.

ఈ చిన్న ఏర్పాటు ఎంత తెలివైనదో లెక్క వేస్తేనే తెలుస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 10 సెకన్ల దృశ్యానికి 240 ఫ్రేములు కావాలి. మంచి యంత్రం ఒక్కో ఫ్రేముకు 3 నిమిషాలు తీసుకుంటే ఒంటరిగా మొత్తం 12 గంటల పని. పక్కన ఉన్న పాత యంత్రం మూడింతలు నెమ్మది, అంటే ఫ్రేముకు 9 నిమిషాలు. ఇద్దరికీ సమానంగా పంచడమే న్యాయం అనుకుని చెరి 120 ఫ్రేములు ఇస్తే, మంచి యంత్రం 6 గంటల్లో ముగించి ఖాళీగా కూర్చుంటుంది. పాతది 18 గంటలు తీసుకుంటుంది. సాయానికి మనిషిని పెట్టుకుని, ఒంటరిగా చేసుకున్నదానికంటే ఆరు గంటలు ఎక్కువ వెచ్చించినట్టు. అదే ఎవరికి చేతనైనన్ని వాళ్లు తీసుకునే పద్ధతిలో అయితే మంచి యంత్రం 180, పాతది 60 ఫ్రేములు గీసి 9 గంటల్లో పని పూర్తి చేస్తాయి. పాత యంత్రం వల్ల మిగిలింది నిజంగా మూడు గంటలు. ఇళ్లల్లో ఉండే యంత్రాలు ఎప్పుడూ ఒకే ఈడువి కావు కాబట్టి, ఎన్ని యంత్రాలున్నాయన్నదాని కంటే పంపకం ఎలా జరుగుతోందన్నదే ఇక్కడ పెద్ద విషయం.

ఇదే నియమం ఇంటర్నెట్ లైన్ల మీదా అచ్చంగా వర్తిస్తుంది. సెకనుకు 100 మెగాబిట్ల ఫైబర్, 10 మెగాబిట్ల మొబైల్ కనెక్షన్ రెండూ ఉన్నాయనుకుందాం. ప్యాకెట్లను ఇటొకటి అటొకటి చొప్పున పంపితే, నెమ్మది లైను వంతు వచ్చిన ప్రతిసారీ వేగమైనది ఆగవలసి వస్తుంది, మొత్తం మీద 20 మెగాబిట్లు దక్కితే గొప్ప. దానికి తోడు ప్యాకెట్లు వరుస తప్పి చేరతాయి. అవతలి వైపు టీసీపీ (ప్యాకెట్లను వరుసలో అందించే నియమావళి) తనకు అందని ప్యాకెట్ గురించి వరుసగా మూడుసార్లు గుర్తుచేస్తే, అది దారిలో పోయిందని అనుకుని పంపేవైపు వేగం తగ్గించుకుంటుంది. ప్యాకెట్ నిజానికి పోలేదు, రెండో లైనులో మెల్లగా వస్తూ ఉంది. లైన్లు కలిపి వేగం తగ్గించుకోవడం ఇలా సాధ్యమే.

ఫోన్ లైను మీద ఇంటర్నెట్ వాడిన డయలప్ రోజుల్లో రెండు మోడెములను (కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు కలిపే పరికరాలను) కలపడం వట్టి కల కాదు. మన దేశంలో 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టడానికి ముందే, 1994లో, మల్టీలింక్ పీపీపీ అనే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 1717 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా రూపుదిద్దుకుంది. 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1990 దాని స్థానంలోకి వచ్చింది. ప్రతి ప్యాకెట్‌ను ముక్కలు చేసి, ముక్క ముక్కకూ వరుస సంఖ్య వేసి, రెండు ఫోన్ లైన్ల మీద పంపడం, అవతల ఆ సంఖ్యల ప్రకారం కలపడం దాని పని. ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ ఫోన్ లైనులో 64 కిలోబిట్ల చానళ్లు రెండు కలిసి 128 అయ్యేది దీనితోనే. విండోస్ 98లో ఒకటికి మించి మోడెములు చేర్చుకునే సదుపాయం ఉండేది. అయితే దీన్ని నడిపించాలంటే ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ తన వైపునా మల్టీలింక్ పెట్టాలి, ఎందుకంటే ముక్కలను కలపాల్సింది అక్కడే. అవతల కలిపేవాడు లేకపోతే ఇవతల ఎన్ని మోడెములు పెట్టినా లాభం లేదు. ఉన్న చోట కూడా రెండు ఫోన్ లైన్లకు రెండు కాల్ చార్జీలు పడేవి, ఇంట్లో ఎవరికీ ఫోన్ అందుబాటులో ఉండేది కాదు. పైగా పెరిగేది ఒకేసారి పోగల డేటా మాత్రమే, అటు వెళ్లి ఇటు రావడానికి పట్టే ఆలస్యం మారదు.

ఇప్పుడు దుకాణాల్లో దొరికే, రెండు ఇంటర్నెట్ లైన్లు తగిలించగల డ్యూయల్ వ్యాన్ రౌటర్లు రెండు కనెక్షన్లను కలుపుతాయని పెట్టె మీద రాసి ఉంటుంది. చాలావరకు అవి చేసేది కలపడం కాదు, పంచడమే. ఈ వీడియో ఈ లైను మీద, ఆ డౌన్‌లోడ్ ఆ లైను మీద అని ఒక్కో సంబంధాన్ని ఒక్కో దారికి అప్పగిస్తాయి. ఇంట్లో నలుగురు ఒకేసారి నాలుగు పనులు చేస్తుంటే అది ఉపయోగకరమే, టోరెంట్ లాంటి ఎన్నో సంబంధాలున్న డౌన్‌లోడ్‌కు రెండు లైన్ల వేగమూ కలిసి వస్తుంది కూడా. కానీ ఒకే సంబంధం మీద నడిచే డౌన్‌లోడ్‌కు ఒక లైను వేగమే గరిష్ఠం. బ్యాంకు వెబ్‌సైటు తెరిచి ఉండగా ఒక అభ్యర్థన ఒక ఐపీ (ఇంటర్నెట్) చిరునామా నుంచి, మరొకటి ఇంకో చిరునామా నుంచి వెళితే బ్యాంకు అనుమానించి లాగౌట్ చేయడమూ జరుగుతుంది. అందుకే ఇలాంటి రౌటర్లలో ఒక సైటును ఒకే లైనుకు కట్టేసే సెట్టింగు ఉంటుంది, దాన్ని వెతికి ఆన్ చేసుకోవాలి.

నిజంగా కలపాలంటే అవతల కలిపేవాడిని మనమే పెట్టుకోవాలి. ఒకే సంబంధాన్ని ఎన్నో దారుల మీద నడిపే మల్టీపాత్ టీసీపీ 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6824గా వచ్చింది. అదే ఏడు ఆపిల్ తన ఐఓఎస్ 7లో సిరి కోసం దాన్ని వాడింది. 2020లో లినక్స్ కెర్నల్ (మూల భాగం) 5.6లోనూ చేరింది. వైఫై పోతే మొబైల్ డేటా మీదకు సంబంధం తెగకుండా మారడం దాని బలం. అయితే ఎక్కువ వెబ్‌సైట్ల సర్వర్లు దాన్ని మాట్లాడవు కాబట్టి, ఓపెన్‌ఎంపీటీసీపీరౌటర్ లాంటి ఏర్పాట్లలో ఒక సర్వర్‌ను అద్దెకు తీసుకుని, ఇంటి డేటా మొత్తాన్ని రెండు లైన్ల మీద అక్కడికి పంపి, అక్కడ కలిపి లోకంలోకి వదలాలి. హైదరాబాద్‌లోనే అమెజాన్ డేటా సెంటర్లు 2022 నుంచి అందుబాటులో ఉన్నాయి కాబట్టి తెలంగాణలో ఉండేవాళ్లకు దూరం వల్ల వచ్చే ఆలస్యం పెద్ద సమస్య కాకపోవచ్చు. సర్వర్ అద్దె, దాని మీద వెళ్లే డేటాకు రుసుము, డేటా సెంటర్ చిరునామా నుంచి వచ్చేవాళ్లను కొన్ని వీడియో సేవలు రానివ్వకపోవడం ఇవన్నీ భరించాలి. ఫైబర్ ప్లాన్‌ను ఒక మెట్టు పెంచుకుంటే వచ్చే వేగం కోసం ఇంత తంటా ఎందుకన్నది నా ప్రశ్న. ఫైబర్ రాని ఊళ్లో రెండు మొబైల్ సిమ్‌ల మీద బతికేవాళ్లకు మాత్రం ఈ తంటా న్యాయమే.

రెండో కనెక్షన్‌కు నేను డబ్బు పెట్టేది మొదటిది పోయినప్పటి కోసం. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు, విదేశాల్లోని పిల్లలతో వీడియోలో మాట్లాడే పెద్దలకు కావలసింది కూడా తెగని లైనే. అందులోనూ చూసుకోవలసిన సంగతి ఒకటుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లోని రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయిన తర్వాత, విద్యుత్ సంస్థ సిబ్బంది స్తంభాల మీద వేలాడే కేబుళ్లను తొలగించడం మొదలుపెట్టారు, అప్పుడు చాలా ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. వేర్వేరు సంస్థల నుంచి రెండు ఫైబర్ కనెక్షన్లు తీసుకున్నా, రెండూ వీధి చివరి అదే స్తంభం మీదుగా వస్తుంటే అవి పోయేదీ కలిసే. ఒకటి ఫైబర్, మరొకటి 4జీ లేదా 5జీ అయితేనే రెండు దారులున్నట్టు లెక్క. రౌటర్‌కు చిన్న యూపీఎస్ లేకపోతే ఆ లెక్కా కరెంటు ఉన్నంతసేపే.

ఈ మధ్య పాత ప్రశ్న కొత్త రూపంలో తిరిగొచ్చింది. చాట్‌జీపీటీ లాంటివాటి వెనకుండే పెద్ద భాషా నమూనాలను ఇంట్లోనే నడపడానికి లామా.సీపీపీ లాంటి సాఫ్ట్‌వేర్‌తో రెండు, మూడు కంప్యూటర్లను కలుపుతున్నారు. 7000 కోట్ల పారామీటర్ల (నేర్చుకున్న అంకెల) నమూనాను ఒక్కో అంకెకు 4 బిట్ల చొప్పున కుదించినా సుమారు 40 గిగాబైట్లుంటుంది, 32 గిగాబైట్ల ర్యామ్ ఉన్న ఒక్క యంత్రంలో పట్టదు. రెండు యంత్రాల మీద నమూనాలోని లెక్కల పొరలను సగం సగం పంచితే పడుతుంది. ఒక పొర నుంచి మరో పొరకు వెళ్లాల్సిన డేటా ఒక్కో టోకెన్‌కు (మాట ముక్కకు) పదుల కిలోబైట్లే కాబట్టి ఇక్కడ కేబుల్ పెద్ద అడ్డంకి కాదు, నేను పైన చెప్పిన 400 రెట్ల ఇరుకు అసలు తగలదు. కానీ మొదటి యంత్రం తన పొరలు ముగించేదాకా రెండోది ఆగాలి, రెండోది ముగించేదాకా మొదటిది ఆగాలి. ఒక్కో టోకెన్‌కు 40 గిగాబైట్లనూ ర్యామ్ నుంచి చదవాల్సిందే, సెకనుకు 51 గిగాబైట్ల ర్యామ్ మీద దానికి 0.8 సెకను పడుతుంది, రెండు యంత్రాల్లో వంతుల వారీగా చదివినా, 64 గిగాబైట్లున్న ఒకే యంత్రంలో చదివినా అంతే. వేగం పెరగలేదు, అసాధ్యమైనది మెల్లగానైనా సాధ్యమైంది. కొందరికి అదే చాలు, అయితే దాన్ని వేగం పేరుతో ప్రచారం చేసే వీడియోలను చూసి కంప్యూటర్లు కొనకండి.

ఇక పాత డెస్క్‌టాప్‌ను ఏం చేయాలన్న ప్రశ్నకు నా జవాబు, దానికి తనదైన ఒక పని అప్పగించమని: ఇంటి ఫొటోల బ్యాకప్, రాత్రిపూట డౌన్‌లోడ్లు, వీడియో మార్పిడి, రెండరింగ్ లాంటివి. అవి అక్కడికి వెళ్లిపోతే ప్రధాన యంత్రం ఖాళీ అవుతుంది, ఇంట్లోవాళ్లు వేగం పెరిగిందనుకునేది చాలాసార్లు ఈ ఖాళీనే. ప్రధాన యంత్రంలో ఇంకా పాత హార్డ్‌డిస్క్ ఉంటే, దాని బదులు వేగమైన ఎస్‌ఎస్‌డీ వేయించడం ఏ క్లస్టర్ కంటే ముందు చేయాల్సిన పని. కరెంటు లెక్క కూడా చూసుకోవాలి. ఒక్కొక్కటి 70 వాట్లు తాగే పాత యంత్రాలు మూడు రోజంతా నడిస్తే రోజుకు 5 యూనిట్లు, నెలకు 150. ఇంటి వాడకం మీద అదనంగా చేరి పై స్లాబులోకి నెట్టే ఈ యూనిట్లకు ఏడాదిలో అయ్యే బిల్లుతో ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ ఒకటి వచ్చేస్తుందేమో లెక్క వేసుకోండి. అందుకే మా ఇంట్లో రెండో యంత్రం మామూలుగా నిద్రలోనే ఉంటుంది; పని ఉన్నప్పుడు వేక్ ఆన్ ల్యాన్ అనే సదుపాయంతో నా కంప్యూటర్ నుంచే దాన్ని లేపుతాను, పని ముగియగానే స్క్రిప్టు దాన్ని మళ్లీ నిద్రపుచ్చుతుంది. దీనికి బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) ఒక సెట్టింగు మార్చాలి, కనెక్షన్ వైఫై కాకుండా కేబుల్ అయి ఉండాలి.